గుడ్డ కింద మాట

పెద్ద వరద వచ్చి సెలూన్ అద్దాన్ని సగం దాకా ముంచిన ఏడాది జరిగిన ముచ్చట ఇది. ఆ పొద్దున సెలూన్ యజమాని ఒక్కటే అనుకున్నాడు: కాబోయే వియ్యంకుడికి తన చేత్తో గడ్డం గీసి, ఆ నున్నదనం మీదే సంబంధం ఖాయం చేసుకోవాలని. "ఇది చెడిందా, నాకింకో సంబంధం చూడొద్దు నాన్నా," అని కూతురు ముందే తెగేసి చెప్పింది.

వియ్యంకుడికీ వియ్యపురాలికీ పుట్టుకతోనే వినపడదు. చేతులతోనే మాట్లాడుకుంటారు. అటు మాట ఇటు అందించాల్సిన పెళ్లికొడుకు, బండి పెట్టి వస్తానని వీధి చివరికి వెళ్లాడు.

సెలూన్ యజమాని వియ్యంకుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, మెడ నుంచి మోకాళ్ల దాకా గుడ్డ కప్పి, చేతులు లోపలికి తోసి, వెనక ముడి వేశాడు. నురగ పట్టిస్తుండగా వియ్యపురాలు సెలూన్ యజమాని వైపు తిరిగి చేతులతో ఏదో అడిగింది. ఆడవాళ్లు మాట్లాడుతుంటే తేరిపార చూడకూడదని వాళ్లమ్మ నేర్పిన మర్యాద. తల దించుకున్నాడు. ఆవిడ మళ్లీ అడిగింది. ఇంకాస్త దించాడు. ఆవిడ కాలితో నేలను తట్టింది. ఈయన గడ్డం రొమ్ముకు ఆనింది. ఆవిడ లేచి, ఇటు చూడమన్నట్టు లైటు ఆర్పింది, వేసింది, మళ్లీ ఆర్పింది.

"ముట్టుకోకండి వదినగారూ, వరదకి తడిసిన గోడ, షాక్ కొడుతుంది!" అంటూ ఆయన ఉరికి మెయిన్ స్విచ్ ఆపేశాడు. కిటికీ లేని గది. చీకట్లో చేతిమాట కూడా చచ్చింది.

ఆయన తడుముకుని మళ్లీ స్విచ్ వేసేసరికి గుడ్డ లోపల రెండు పిల్లులు కొట్టుకుంటున్నట్టుంది. "కదలకండి బావగారూ, కత్తి!" అని ముడి బిగించాడు. ఆవిడ వచ్చి భర్త ఎదుట నిలబడి, ఏకధాటిగా చేతులతో దులిపేసింది. వినకుండా కళ్లు మూసుకుందామంటే పాపం, ఆయన గొంతు మీద కత్తి.

అప్పుడే తలుపు తోసిన పెళ్లికొడుకు గడపలోనే కొయ్యబారిపోయాడు.

"మామయ్యా! మా నాన్న నోరు కట్టేశారేంటి?"

"నోరా? నేను మీసమైనా ముట్టుకోలేదు బాబూ!"

"ఆయన నోరు చేతుల్లో ఉంది మామయ్యా!" వియ్యపురాలి చేతులు కొడుకు వైపు గిర్రున తిరిగాయి. "అమ్మ మాట్లాడుతుంటే మీరు నేల చూశారట. మాకది మొహం మీద తలుపేసినట్టే!"

కత్తి పళ్లెంలో ఠంగుమంది. సెలూన్ యజమాని గబగబా ముడి విప్పాడు. "నా కూతురి కొంప నేనే ముంచాను. ఇంతకీ ఏమడిగారు బాబూ?"

"ఈ పెళ్లి మీ అమ్మాయికి ఇష్టమేనా అని."

ఆయన ఈసారి కళ్లు రెండూ ఆవిడకే అప్పజెప్పి, మెడ విరిగేలా తల ఊపాడు. ఆవిడ చేతులు కదిలాయి. పెళ్లికొడుకు నాన్న వంక ఓరగా చూశాడు.

"చెప్పేయ్ బాబూ. తిట్లేగా?"

"కాదు మామయ్యా. పెళ్లయిన నాటి నుంచి నాన్న అడ్డు రాకుండా అమ్మ తన మాట పూర్తిగా చెప్పుకుంది ఇవాళేనట. సంబంధం ఖాయమట. కానీ... ఆ గుడ్డ కావాలట."

మర్నాడు పొద్దున్నే ఆయన ఆ గుడ్డ ఉతికి, ఇస్త్రీ చేసి వియ్యపురాలికి పంపించాడు. తర్వాత కొత్త గుడ్డ తీసి, చేతులు పట్టేలా రెండు కంతలు కత్తిరించాడు. ఎంతైనా వియ్యంకుడితో కూడా మాట ఉండాలి కదా.