నాలుగు వేళ్ల ఎడం

ఆ ఉదయం శ్రీశైలమ్మ భర్త నడుం చుట్టూ నల్లతాడు తిప్పి చూసింది. కొసల మధ్య నాలుగు వేళ్ల ఎడం. షుగరు, బీపీ, రక్తంలో కొవ్వు అన్నీ ఆ పొట్టతోనే ముడిపడి ఉన్నాయని చెప్పి, తగ్గాల్సిన కొలతకు నర్సు దయామణి కత్తిరించి ఇచ్చిన తాడది.

"ఈ కొసలు కలిస్తేనే శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయేది. లేదంటే ఇంట్లోనే దణ్ణం పెట్టుకో."

ముప్పై ఏళ్లుగా ఓబులయ్య దోర్నాల అడవిదారి పట్టని శివరాత్రి లేదు.

"రోజూ రోడ్డెంబడి నడువు మరి."

"గొర్రెలు కొడుక్కిచ్చేసినా గదా. ముందర గొర్రె లేకుండా ఊరికే నడిస్తే పిచ్చి పట్టిందనుకుంటారు."

నడవడం కన్నా తాడు మార్చడం తేలిక. కానీ ఊళ్లో దుకాణమూ ఆటో రెండూ బామ్మర్దివే. అందుకని పొలాల గట్ల మీద బేస్తవారిపేటకు నడిచిపోయి, పాతదాని కన్నా వేలెడు పొడుగున్న తాడు కొని తలపాగాలో దాచుకొచ్చాడు. నాలుగు రోజులకు ఇంకొకటి. ఒకేసారి నాలుగు కొందామంటే, ఇంట్లో శ్రీశైలమ్మ సర్దని మూల లేదు.

మూడో వారానికి కొసలు కలిశాయి. ఆమె కొలవడం మానేసి, వీధంతా చెప్పుకొచ్చింది. మర్నాటికల్లా సంతోషమ్మ, రంగనాయకమ్మ దయామణి చేత కొలిపించి తమ మొగుళ్లకూ తాళ్లు చుట్టారు. సాయంత్రం ఆ మొగుళ్లు, ఆశీర్వాదం, పాల్ రాజు, గొర్రెల దొడ్డి వెనక ఓబులయ్యను పట్టుకున్నారు.

"మామా, నిజం చెప్పు. ఏం తింటాండావు?"

చెప్పక తప్పలేదు. అక్కణ్ణుంచి రోజూ ఆర్డర్లే.

"నాకు రెండు వేళ్లు పొడుగు తే మామా."

"నాది రేపటికే కావాల."

వాళ్లు మంచాల మీద పడుకుని చెప్పేవాళ్లు. ఓబులయ్య పోను నాలుగు కిలోమీటర్లు, రాను నాలుగు. దుకాణం మూస్తారేమోనన్న తొందరలో బజ్జీల బండి దగ్గర కూడా ఆగేవాడు కాదు.

శివరాత్రికి వారం ముందు దయామణి వచ్చింది. అరుగు మీద ముగ్గురినీ నిలబెట్టి, వేళ్లు పొడిచి షుగరు చూసింది.

"తాళ్లు తీసెయ్యండి. టేపుతో చూస్తా."

ముగ్గురూ ఊపిరి బిగబట్టారు.

"ఊపిరి వదలండి."

పాల్ రాజు మూడు సెంటీమీటర్లు పెరిగాడు. ఆశీర్వాదం నాలుగు. ఓబులయ్య కళ్లు మూసుకుని, శ్రీశైలం మల్లన్నకు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాడు.

"పెదనాయనా, ఏడు సెంటీమీటర్లు తగ్గినావు. షుగరూ దిగింది. ఏం చేసినావు?"

ఆయన కళ్లు తెరిచాడు. శ్రీశైలమ్మ తాడు తెచ్చి ఆయన నడుం చుట్టూ తిప్పింది. కొసలు కలవడమే కాదు, ఒకదాని మీదికొకటి బెత్తెడు ఎక్కాయి. ఆమె ఆ తాడు వైపు, మడమ దగ్గర అరిగిపోయిన ఆయన చెప్పుల వైపు చూసింది.

"పోయిరా శ్రీశైలం," అంది అంతే.

ఆయన తిరిగొచ్చిన మర్నాడే, తాడు ఎలుకలు కొరికేశాయని చెప్పి, కొత్తది తెమ్మని బేస్తవారిపేటకు పంపింది.