తొమ్మిది గంటల మనిషి

రోగం నయం చేయడం కంటే, నయం చేసే అధికారం ఎవరిదో తేల్చడం ముఖ్యమని మా కిల్‌బ్రాక్ ప్రజలకు ఈ ఏడాది బోధపడింది.

డూగల్ రెన్నీకి హెపటైటిస్ సి. పన్నెండు వారాలు మాత్రలు మింగితే పోతుంది. ఆ మాత్రలు రాయడం మా క్లినిక్ డాక్టర్ ఉనా గారికి తెలుసు. తెలిసినంత మాత్రాన రాసేస్తారా? నగరంలో ప్రొఫెసర్ అబర్‌నెథీ గారు రోగిని స్వయంగా చూడాలి. వారు ఉదయం తొమ్మిదికే చూస్తారు. డూగలేమో పాత మత్తు అలవాటు మాన్పే మందును మా వీధి మందుల షాపులో, వాళ్ళ కళ్ళెదుట, ఉదయం తొమ్మిదికే తాగాలి. ఈ రెండు తొమ్మిదుల మధ్య బస్సులో గంటన్నర.

మూడుసార్లు రాలేదు కనుక, ‘చికిత్సపై శ్రద్ధ లేని వ్యక్తి’ అని రాసి పేరు కొట్టేశారు. ఆరేళ్ళుగా అతను వీధి మలుపు తిరగడం చూసి మేం గడియారాలు సరిచేసుకుంటున్నాం. ఇలా రోగుల జాబితా తగ్గించినందుకు ప్రొఫెసర్ గారికి సన్మానం కూడా జరిగింది.

“రోగులు లేని విభాగమే నా ఆశయం,” అన్నారు వారు.

డూగల్‌కు అంత పెద్ద ఆశయాల్లేవు. మనవరాలిని ఎత్తుకోవాలి, అంతే. కూతురు ఐన్స్లీ ఒప్పుకోలేదు.

“ఎత్తుకుంటే అంటుకోదే తల్లీ. డాక్టరమ్మే చెప్పింది.”

“నయమైందని కాగితం తే నాన్నా, అప్పుడు చూద్దాం.”

ఉనా గారు పదకొండు ఉత్తరాలు రాశాక అనుమతి వచ్చింది. మాత్రలు కూడా ఆ షాపులోనే, ఆ తొమ్మిదింటికే ఇచ్చారు. డూగల్ ఒక్క రోజూ తప్పలేదు. ఆఖరి పరీక్షలో వైరస్ లేదు. ఆ విజయాన్ని ప్రొఫెసర్ గారు తమ ఖాతాలో వేసుకుని, క్లినిక్‌లో మేమిచ్చిన తేనీటి విందుకు దయచేశారు. ఈ ఊళ్ళోనే పెట్టిన కొత్త కాపురంలో నేను చేసిన మొదటి కేకు అది. మావారు మూడో ముక్క అడిగి మరీ తిన్నారు.

పాప చేతులు మారుతూ గదంతా చుట్టింది. ప్రొఫెసర్ గారు కూడా ఎత్తుకుని ముద్దాడారు. డూగల్ కాగితం చూపించాడు. ఐన్స్లీ పాపను తన తండ్రి ఒడిలో పెట్టింది. అతను ఏడ్చాడు. మేం చప్పట్లు కొట్టాం, కళ్ళు తుడుచుకున్నాం.

ఐన్స్లీ, ఉనా గారు టీ తేవడానికి లోపలికి వెళ్ళారు.

“చేతులు తిమ్మిరెక్కాయి. కాస్త ఎవరైనా అందుకోండమ్మా,” అన్నాడు డూగల్.

ఎవరి చేతులూ ఖాళీగా లేవు. ప్రొఫెసర్ గారి చేతిలో ఖాళీ కప్పు ఉంది. నా చేతిలో కేకు పళ్ళెం ఉంది.