ఇటుక లేకుండా పెరిగిన గోడ

"ఇకనుంచి అడుగుకి పది అంగుళాలే!" అని మంత్రిగారు ప్రకటించగానే మైకు కూడా ఆనందం పట్టలేక కీచుమంది. పన్నెండుతో భాగించలేక ఇన్నాళ్లూ ప్రజలు ఎంత నలిగిపోయారో తలచుకుని ఆయన కళ్లు తుడుచుకున్నారు. పదితో అయితే భాగించక్కర్లేదు, మధ్యలో చుక్క పెడితే చాలు. మన కష్టాలకి ఇంత తేలిగ్గా చుక్క పెట్టిన నాయకుణ్ణి నేను చూడలేదు.

ఈ సంస్కరణ ఫలం ముందుగా మా వీధికే దక్కింది. వీధికీ కాలవకీ మధ్య అరవై అంగుళాల గోడ ఉంది. కిందటేడు వానలకి నీళ్లు దాన్ని దాటి వచ్చి మా పిన్ని పిండిమరలో మోటారుని ముంచేశాయి. గోడని ఆరడుగులు చెయ్యమని పిన్ని అడగని ఆఫీసు లేదు. ఎంత అడిగినా అడుగు పెరగలేదు. ఇప్పుడు పెరిగింది. ఇంజనీరుగారు స్వయంగా దగ్గరుండి, గోడ మీద "5 అడుగులు" చెరిపించి "6 అడుగులు" అని రాయించారు. ఇటుక లేదు, సిమెంటు లేదు, దుమ్ము లేదు. మంత్రిగారు వచ్చి రిబ్బను కత్తిరించారు.

"అదే గోడ కదా బాబూ?" అంది పిన్ని.

"గోడ అదేనమ్మా. ఎత్తు వేరు," అన్నారు ఇంజనీరుగారు.

"ఇదివరకూ నా తల గోడ పైకి కనిపించేది. ఇప్పుడూ కనిపిస్తోందిగా?"

"మీరూ పెరిగారమ్మా. కంగ్రాట్స్!"

"నా పెరుగుదల సంగతి తర్వాత. కొత్త మోటారు బిగించాను. మేడమీదికి ఎక్కించనా వద్దా, ఆ ఒక్క ముక్క చెప్పండి."

"ఆరడుగుల గోడని పక్కన పెట్టుకుని మోటారుని మేడెక్కిస్తే మంత్రిగారిని అవమానించినట్టు కాదూ?"

మా పిన్ని అవమానించేది బాబాయి ఒక్కణ్ణే. మోటారు కిందే ఉండిపోయింది.

వానలొచ్చాయి. కాలవ గోడెక్కి మావైపు చూసింది, ఇటే దిగింది. అందరం మేడెక్కాం. నేను ఇంజనీరుగారికి ఫోను చేశాను.

"సార్, పిండిమరలో నీళ్లు!"

"ఉండండి, చూసి చెబుతా." కాసేపు కాగితాల చప్పుడు. "కాలవలో నీళ్లు ఐదున్నర అడుగులు. మీ గోడ ఆరు. ఇంకా అరడుగు తక్కువ. రాలేవండీ."

"వచ్చేశాయి సార్!"

"ఎలా వస్తాయి? నీళ్లకి ఇంకా సర్క్యులర్ రాలేదు. అవి పాత అడుగుల్లోనే ఉన్నాయి."

పిన్ని ఫోను లాక్కుంది. "మరి నా మోటారు మీద ఉన్నదేమిటి నాయనా?"

"తేమ అయ్యుంటుందమ్మా. పొడిగుడ్డతో తుడవండి."

మర్నాడు, వరద రానందుకు మా వీధిని అభినందించడానికి మంత్రిగారు పడవలో వచ్చారు. "ఈ వీధి ఇంత పొడిగా ఉందంటే అది ప్రజల సహకారమే!" అన్నారు. మేడమీంచి చప్పట్లు కొట్టాం. మాలో పొడిగా ఉన్నవి చేతులే.

పిన్ని పిట్టగోడ మీదికి వంగింది. "అంత పొడిగా ఉంటే పడవలోనే కూర్చున్నారేం బాబూ? దిగండి. పిండిమర చూద్దురుగాని."

మంత్రిగారు పి.ఏ. వైపు చూశారు. పి.ఏ. గొంతు తగ్గించి అన్నాడు:

"సారుకి ఈత రాదమ్మా."