డెన్‌బీ గారింటికి పరామర్శ

ఆ శుక్రవారం పొద్దున ఆకాశం కొండల మీదికి దిగివచ్చి గొర్రెల వీపులకు ఆనుకుని నిలబడింది. వాన పడలేదు. అలాగని పడకుండా పోయే ఉద్దేశమూ దానికి ఉన్నట్టు లేదు. యార్క్‌షైర్ కొండల్లో అలాంటి పొద్దుటిని జనం మంచి రోజుల్లోనే లెక్కవేస్తారు.

డాక్టర్ ఆరబా క్వాన్సాకు ఆ రోజు ఉన్న పని ఒక్కటే. పది గంటలకు డెన్‌బీ గారి గదికి వెళ్ళి ఒక కాగితం నింపించుకోవాలి. ఆమెది ఘానా దేశంలో సాల్ట్‌పాండ్ అనే సముద్రపుటొడ్డు ఊరు. వైద్యం పరీక్షలన్నీ మొదటిసారే గట్టెక్కింది. ఈ కాగితం దగ్గరే చిక్కుకుపోయింది. విదేశాల నుంచి వచ్చిన డాక్టర్లకూ నర్సులకూ ఆ ఆసుపత్రిలో ఆర్నెల్లు ఒక తరగతి నడుస్తుంది. రోగికి ఎంత దూరంలో నిలబడాలి, ఏది అడగాలి, ఏది అడగకూడదు అన్నవి అందులో చెబుతారు. చివర ఇచ్చే కాగితంలో 'ఇక్కడి పద్ధతులు ఎరుగునా?' అని ఒక గడి ఉంటుంది.

కిందటి విడత ఆ గడిలో ఆమెకు 'లేదు' అని పడింది. కాలు తీసేయవలసిన ఒక ముసలి రైతు మంచం మీద కూర్చుని, చెయ్యి పట్టుకుని, "తాతా, ఇంట్లో నీతో కలిసి ఏడ్చేవాళ్ళు ఎవరున్నారు?" అని అడిగింది. పక్కనున్న పెద్ద డాక్టరు చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. ఈసారి కూడా 'లేదు' అని పడితే ఆగస్టు నుంచి ఉద్యోగం ఉండదు. సాల్ట్‌పాండ్‌కు తిరుగు ప్రయాణమే.

ఆ తరగతి చెప్పేదీ, గడి నింపేదీ నార్మన్ డెన్‌బీ. ఆయన డాక్టరు కాదు, ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆసుపత్రి శిక్షణ విభాగంలో గుమాస్తా. కంచెకు పాతిన గుంజలా పొడుగ్గా, సన్నగా ఉంటారు. ఎండకూ వానకూ ఒకే కోటు. ఆయన పాఠాలు కూడా ఆయనలాగే ఉంటాయి. "ముందు వాతావరణం గురించి మాట్లాడండి. తర్వాత అసలు విషయం. ఇంటి సంగతులు అడక్కండి. వాళ్ళంతట వాళ్ళు చెబితే వినండి. చెప్పకపోతే అది కూడా వినండి." ఆరబా ఇవన్నీ రాసుకుని, బస్సులో వల్లెవేసుకుని, ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని సరిగ్గా పదింటికి ఆయన గది తలుపు తట్టింది.

లోపల ఆయన లేరు. గోడకున్న కొక్కేనికి కోటు లేదు. ముప్పై ఎనిమిదేళ్ళ కాగితాలు పేరుకున్న బల్ల కడిగినట్టు ఖాళీగా ఉంది. ఆయన టీ కప్పు తోమి, బోర్లించి ఉంది. ఖాళీ కుర్చీ ముందు, బల్ల మీద, పలకంత పెద్ద కార్డు తెరిచి ఉంది. ఒక ఫిలిప్పీన్స్ నర్సు ముక్కు తుడుచుకుంటూ దాంట్లో రాస్తోంది. వెనక ఇద్దరు తమ వంతు కోసం నిలబడ్డారు. 'మీరు లేని ఈ చోటు ఇదివరకటిలా ఉండదు' అని ఒకరు రాశారు. 'మాకు తండ్రిలాంటివారు' అని ఇంకొకరు.

ఆరబా కాళ్ళు తలుపు దగ్గరే ఆగిపోయాయి. ఆమె ఊళ్ళో పెద్దవాళ్ళు పోతే ఇంటి ముందు ఇలాగే బల్ల వేస్తారు. దాని మీద పుస్తకం తెరిచి పెడతారు. వచ్చినవాళ్ళు వరసలో నిలబడి, పోయినవాళ్ళకు చెప్పుకోవలసిన నాలుగు మాటలు అందులో రాసి వెళతారు. ఆమె తాతకు అలాంటి పుస్తకాలు మూడు నిండాయి.

ఏమైందని అడగాలని ఆమె నోటిదాకా వచ్చింది. కానీ ఇంటి సంగతులు అడగవద్దని చెప్పింది ఆయనే. ఆయన పోయిన రోజునే ఆయన మాట కాదనడం ఆమెకు చేతకాలేదు. పక్క బల్ల దగ్గరి గుమాస్తా బ్రెండా కలం అందిస్తే, "వాన వచ్చేలా ఉందండీ," అంది.

"వచ్చేలాగే ఉంది, తల్లీ," అంది బ్రెండా.

ఆరబా కార్డులో ఒక మూలంతా నింపేసింది. 'నాన్నగారూ, మెల్లగా నడిచి వెళ్ళండి. అక్కడ మా తాత కనిపిస్తే నేను అడిగానని చెప్పండి. మీ వెనక ఉన్నవాళ్ళ సంగతి మేము చూసుకుంటాం.' ఆమె వెళ్ళిపోయాక బ్రెండా అది రెండుసార్లు చదివింది. వాళ్ళ దేశంలో రిటైరవడం చాలా పెద్ద విషయం కాబోలు అనుకుంది. ఎవరినీ అడగలేదు.

ఆరబా తిన్నగా ముసలివాళ్ళ వార్డుకు వెళ్ళి కంఫర్ట్ అమీసాకు చెప్పింది. కంఫర్ట్ ఆ వార్డులో పెద్ద నర్సు, ఇరవై రెండేళ్ళుగా ఆ ఊళ్ళో ఉంది. చుట్టుపక్కల ఉన్న ఘానా వాళ్ళందరికీ ఆంటీ.

"ఎవరినైనా అడిగావా?"

"అడగకూడదని ఆయనే చెప్పారు కదా, ఆంటీ."

"వాళ్ళింటికి ఫోన్ చేద్దామా?"

"ఎవరు ఎత్తుతారు? ఎత్తినా ఏమని అడుగుతాం?"

కంఫర్ట్ ఆలోచించింది. "నిజమే. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను. చావొచ్చినా పక్కవాళ్ళకి చెప్పరు ఈ మనుషులు. మొన్న ఒకాయన గుండె ఆగిపోతుంటే, టీ చల్లారిపోతుందేమోనని కంగారుపడ్డాడు." కళ్ళు తుడుచుకుని ఫోన్ తీసింది. "ఆయనకి పెళ్ళాం ఉన్నట్టు గుర్తు. పాపం, ఒక్కర్తే ఉండుంటుంది. రేపు మధ్యాహ్నం వెళదాం. అన్నం నేను వండుతా."

ఆ తర్వాత కబురు ఎవరి చేతిలోనూ లేదు. డెన్‌బీ గారి చేతి కింద మాట్లాడటం నేర్చుకున్నవాళ్ళు ఆ ఆసుపత్రిలో ప్రతి అంతస్తులోనూ ఉన్నారు. మధ్యాహ్నానికి ఫిలిప్పీన్స్ నర్సులు ప్రార్థన గదిలో కొవ్వొత్తులు వెలిగించారు. కేరళ నర్సులు పూలదండ పురమాయించారు. సూడాన్ డాక్టరు ఒకాయన ఖర్జూరాల పెట్టె కొన్నాడు. వరసగా ఇంతమంది ఏడుస్తూ గేటు దాటడం చూసి కాపలావాడు జెండాను సగానికి దించాడు. బ్రెండా కిటికీలోంచి ఆ జెండా చూసింది. ఎవరో పెద్దవాళ్ళు పోయినట్టున్నారు అనుకుంది. అడగలేదు.

శనివారం కూడా ఆకాశం నిన్నటి చోటనే ఉంది. ముప్పై ఏడుగురు, ఆరు కార్లూ ఒక వ్యానూ. వ్యాను నడిపేది కంఫర్ట్ భర్త కోజో. ఒకసారి మంచులో బస్సులు ఆగిపోతే డెన్‌బీ గారిని ఇంటి దగ్గర దింపింది అతనే, అందుకని దారి చూపే పని అతనిది. ఘానా వాళ్ళు చావింటికి కట్టే నలుపూ ఎరుపూ కట్టుకున్నారు. రాతి గోడల మధ్య సందులాంటి రోడ్డు, దాని నడుమ ఒక గొర్రె. గొర్రె వాళ్ళను ఒక్కొక్కరినీ చూసి, తీరిగ్గా పక్కకు తప్పుకుంది. డెన్‌బీ గారి పక్కింట్లో తెర కదిలింది.

తలుపు దగ్గర ముందు కంఫర్ట్, పక్కన ఆరబా, వెనక పూలదండతో కోజో. పోయినాయన భార్యతో ఏం చెప్పాలో కంఫర్ట్ దారంతా కూర్చుకుంది. ఆరబా తలుపు తట్టింది.

డెన్‌బీ గారు తలుపు తీశారు. చేతిలో టీ కప్పు ఉంది.

వెనక ఎవరో కేరళ అమ్మాయి గుండెల మీద శిలువ గీసుకుంది. కోజో తల మీద టోపీ తీసి, చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు. కంఫర్ట్ దారంతా కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ ఇప్పుడు పనికిరాలేదు. గడప అవతల ఒకరు, ఇవతల ముప్పై ఏడుగురు. ఎంతసేపో తెలియదు, గొర్రె మాత్రం తిరిగొచ్చి రోడ్డు మధ్య నిలబడింది.

"వాన వచ్చేలా ఉందండీ," అంది ఆరబా.

డెన్‌బీ గారు పైకి చూశారు. "రావచ్చు," అన్నారు. తర్వాత నలుపునూ, ఎరుపునూ, ఖర్జూరాల పెట్టెనూ చూశారు. ఆయన మొహంలో ఏదో సర్దుకుంది. "మీకు ఎవరు చెప్పారు? నేనెవరికీ చెప్పలేదే."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. కోజో దండను మెల్లగా వెనక్కి తిప్పబోయాడు. అప్పటికే ఆలస్యమైంది.

"దాని మీద నా పేరుంది," అన్నారు డెన్‌బీ గారు.

"పూలవాడి పొరపాటండీ," అన్నాడు కోజో.

"పూలవాడికి నా పేరెలా తెలుసు?"

కోజో టోపీ మళ్ళీ తీశాడు. ఇక లాభం లేదని ఆరబా మొదటి నుంచి చివరిదాకా చెప్పేసింది. ఖాళీ బల్ల, బోర్లించిన కప్పు, కార్డు, వాళ్ళ ఊళ్ళో పెట్టే పుస్తకం, అన్నీ. డెన్‌బీ గారు మధ్యలో అడ్డు రాకుండా విన్నారు. అది కూడా ఆయన పాఠాల్లో ఒకటి.

"అది వీడ్కోలు కార్డు. వచ్చే శుక్రవారం నేను రిటైరవుతున్నాను, బల్ల అందుకే ఖాళీ చేశాను. కార్డు సంగతి నాకు తెలియదని వాళ్ళనుకుంటున్నారు." ఆయన టీ వైపు చూసుకున్నారు. "అంటే, నేను పోయానని వచ్చారన్నమాట."

"అవునండీ."

"ఇంతమంది."

"ముప్పై ఏడుగురం. ఇంకో పదిమంది డ్యూటీలో ఉండిపోయారు," అంది కంఫర్ట్, నేల వైపు చూస్తూ.

"ఐరీన్‌కి ముగ్గురం వచ్చాం. నేనూ, ఫాదర్ గారూ, పక్కింటామె." ఆ మాట ఆయన ఆరబాతో అనలేదు, వాతావరణంతో అన్నట్టు అన్నారు. "మా ఆవిడ. పద్దెనిమిది రోజులైంది. నిన్న సమాధి రాయి పాతించడానికి సెలవు పెట్టాను."

అక్కడున్న వాళ్ళందరూ ఆ రోజులను వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ నిలబడిపోయారు. ఆ పద్దెనిమిది రోజుల్లో ఆయన ఒక్క తరగతి మానలేదు. మానకుండా చెప్పిన పాఠాల్లో ఒకటి, మనిషి పోయిన కబురు ఇంటివాళ్ళకు ఎలా చెప్పాలన్నది. గొంతు వణక్కూడదని, గడియారం చూడకూడదని, వాళ్ళు ఏడిస్తే ఆపకూడదని చెప్పారు. నల్లబల్ల మీద ఆ మూడూ రాసి చూపించారు. కుదురైన చేతిరాత. ఆరబా అది తన పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఎక్కించుకుంది. మనిషిలో ఇంత మౌనం పట్టే చోటు ఎక్కడుంటుందో ఆమెకు అంతు చిక్కలేదు. సముద్రాన్ని మొదటిసారి చూసినవాళ్ళు ఎలా నిలబడతారో ఆమె అలా నిలబడింది.

సంచిలో కాగితం ఉంది. ఇప్పుడు మర్యాదగా నాలుగు మాటలు చెప్పి, వెనక్కి తిరిగి కార్లెక్కితే ఆ గడి బహుశా దక్కుతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు.

"మీతో కలిసి ఏడ్చేవాళ్ళు ఎవరున్నారండీ?" అని అడిగింది.

కంఫర్ట్ కళ్ళు మూసుకుంది. డెన్‌బీ గారు ఆరబాను చాలాసేపు చూశారు. ఈసారి చూడటానికి కిటికీ లేదు.

"అన్నం తెచ్చారా?" అన్నారు.

"తెచ్చామండీ. చాలా తెచ్చాం."

"అయితే లోపలికి రండి. కాళ్ళు తుడుచుకోండి. నా దగ్గర ఆరు కప్పులే ఉన్నాయి."

ఇల్లు చిన్నది. గదిలో పన్నెండు మంది పట్టారు, మెట్ల మీద మెట్టుకొకరు, మిగిలినవాళ్ళు పెరటి గోడ మీద. పూలదండను ఆయనే అందుకుని, తన పేరున్న రిబ్బన్ విప్పి మడిచి జేబులో పెట్టుకుని, దండను ఐరీన్ ఫోటో కింద ఆనించారు. కంఫర్ట్ ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడితే కిటికీ పక్కనున్న కుర్చీ చూపించారు. "అక్కడ కూర్చోండి. కుర్చీ అన్నాక ఎవరో ఒకరు కూర్చోవాలి."

పక్కింటామె కేకు డబ్బా పట్టుకుని తలుపులోంచి తొంగిచూసింది. మెట్ల మీద, గోడ మీద ఉన్నవాళ్ళను చూసింది. "వాన వచ్చేలా ఉంది," అని లోపలికొచ్చి, మూడో మెట్టు మీద చోటు చేసుకుంది.

టమాటాలో ఉడికిన ఎర్రటి అన్నం, కోడి ముక్కలు, ఎండు రొయ్యలూ మిరపకాయలూ నూనెలో నల్లబడేదాకా వేయించిన షిటో పచ్చడి. డెన్‌బీ గారు పచ్చడి చెంచాడు నిండా వేసుకున్నారు. అది నాలుక మీద పెట్టాల్సిన పచ్చడే గానీ చెంచాలతో తినేది కాదని ఎవరూ చెప్పలేదు. రెండో ముద్దకు ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారడం మొదలైంది. కారుతూనే ఉన్నాయి. ఆయన తుడుచుకోలేదు, తినడం ఆపలేదు. మళ్ళీ పచ్చడే వేసుకున్నారు. కాసేపటికి కంఫర్ట్ కూడా గిన్నె తనవైపు లాక్కుంది. ఆమె తర్వాత కోజో, అతని తర్వాత సూడాన్ డాక్టరు. గిన్నె గదంతా తిరిగి, మెట్లెక్కి, పెరట్లోకి వెళ్ళి, ఖాళీ అయి తిరిగొచ్చింది. ఆ ఇంట్లో అందరి కళ్ళలోనూ నీళ్ళు. ఎవరికీ ఒక్క మాట మాట్లాడవలసిన పని లేకపోయింది. చెంచాల చప్పుడు తప్ప ఏమీ లేదు. బయట, రెండు రోజులుగా నిలబడి ఉన్న వాన చివరికి పడింది. గోడ మీదున్నవాళ్ళు కంచాలతో సహా లోపలికొచ్చి ఎక్కడో అక్కడ ఇమిడిపోయారు.

తింటూ తింటూనే డెన్‌బీ గారు ఎడమ చెయ్యి ఆరబా వైపు చాపారు. ఆమెకు అర్థమయ్యేసరికి కొంచెంసేపు పట్టింది. సంచిలోంచి కాగితం తీసి ఇచ్చింది. ఆయన దాన్ని మోకాలి మీద పరిచి, జేబులోంచి కలం తీశారు.

'ఇక్కడి పద్ధతులు ఎరుగునా?' అన్న గడిలో 'ఎరగదు. నేర్పవద్దు' అని రాసి, కింద ఉత్తీర్ణురాలని సంతకం చేసి, కంచంలో మిగిలిన అన్నం తినడం మొదలుపెట్టారు.