ఎప్పటిదే

పోయిన పెళ్ళిరోజున కళ్ళద్దాల షాపాయన ఆ సంగతే మరిచి ఇంటికొచ్చి, "ఏంటివాళ ఇల్లింత నిశ్శబ్దంగా ఉంది?" అని అడిగిన పాపానికి ఆ వారమంతా మాటల్లేని భోజనం చేశాడు. అందుకే ఈసారి పొద్దున్నే, కాఫీ కప్పు దించకుండానే ప్రకటించేశాడు.

"మనం మొదటిసారి కలిసి వెళ్ళిన పిజ్జా కొట్టుంది చూడు, మధ్యాహ్నం అక్కడికే! నేను మతిమరుపు మనిషినని ఇంకెప్పుడూ అనకు."

"అయితే ఆ రోజు ఏం తెప్పించారో గుర్తుందా?" అంది భార్య.

"భలేదానివే! 'ఎప్పటిదే' అంటే చాలు, వాళ్ళే తెచ్చిపెడతారు."

నిజానికి ఆయనకు ఒక్క ముక్క గుర్తులేదు. కొట్టు పాతది, యజమానీ ఆనాటివాడే, తన పరువు ఆయనే కాపాడతాడని కొండంత ధైర్యం.

కొట్టులో పొయ్యి పక్కన ఫ్యాను హోరెత్తిపోతోంది. వడ్డించే ఆవిడ రాగానే ఆయన దర్జాగా, "ఎప్పటిదే" అన్నాడు. ఆ హోరులో ఆవిడకు "ఎప్పటిది?" అని వినిపించింది.

"ఇవాళ్టిదే సార్, ఒట్టు!" అని ఆవిడ లోపలికి పరుగెత్తింది.

ఆయనకేమీ అర్థం కాలేదు. ఏం తోచక, వృత్తి అలవాటు కొద్దీ, మంచినీళ్ళ గ్లాసును వెలుతురుకు ఎత్తి గీతలున్నాయేమోనని చూడసాగాడు. సరిగ్గా అప్పుడే బయటికి వచ్చిన యజమాని అది చూశాడు. వచ్చినవాడు ఆహార తనిఖీ ఆఫీసరే, సందేహం లేదు!

"పొద్దున్న కలిపిన పిండి సార్, మీరే చూడండి" అంటూ యజమాని పళ్ళెం ముందు పెట్టాడు.

"ఇది కాదండీ. నాక్కావలసింది పాతది."

"పాతదా! మా దగ్గర పాతదన్న మాటే లేదు సార్!"

"లేకపోవడమేంటి? అప్పట్లో మేమిద్దరం ఇక్కడే తిన్నాంగా!"

భార్య కనుబొమ్మ పైకి లేచింది.

"తిన్నాక... ఏమైనా అయిందా సార్?" యజమాని చేతులు జోడించి అడిగాడు.

"అయింది. పెళ్ళయింది."

పక్క బల్లవాళ్ళు తింటున్న పళ్ళేలు పక్కకు నెట్టారు. యజమాని లోపలికి తిరిగి, "పొయ్యి ఆర్పేయండి! నీళ్ళు కొట్టి అంతా కడిగేయండి!" అని కేకపెట్టాడు.

ఇక ఆపుకోలేక భార్య పకపకా నవ్వి, ఆయన ఆఫీసరు కాదు, కళ్ళద్దాలు అమ్ముకునే మనిషని చెప్పింది. యజమాని కూలబడ్డాడు. "ముందే చెప్పకూడదా అమ్మా? పొయ్యి తడిసిపోయింది. ఇవాళ్టికి సోడాలే గతి."

ఈ పెళ్ళిరోజూ బూడిదపాలైందని కళ్ళద్దాలాయన మొహం వేలాడేశాడు. "ఆ రోజు ఏం తిన్నామో నిజంగా గుర్తులేదోయ్" అన్నాడు మెల్లగా.

"ఏమీ తినలేదండీ. ఆ రోజూ పొయ్యి పాడైంది. సోడాలు తాగి, నవ్వుకుంటూ వెళ్ళిపోయాం."

"పొద్దున్నే చెప్పొచ్చుగా!"

"చెబితే ఎప్పటిదే ఎలా వస్తుంది?"

ఆమె కోపంగా లేదు. ఆయనకు అంతకంటే కావలసింది లేదు.

వడ్డించే ఆవిడ రెండు సోడాలు బల్లమీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, ఆయన నోరు తెరవకముందే చెప్పింది.

"ఇవాళ్టివే సార్."