దాలయ్య రాయికి ఇరవయ్యేడు దిద్దుబాట్లు

రెండువేల ఎనిమిది నవంబరులో ఒక సోమవారం ఉదయం, విశాఖ మల్కాపురంలోని ఒక హైస్కూల్లో సోషల్ టీచర్ అనూరాధ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదో తరగతి పిల్లలందరూ ఇంట్లో తెలిసిన, పుస్తకంలో లేని సంగతి ఒకటి క్లాసు వికీలో రాయాలి. వికీ అంటే ఏమిటో ఆవిడ బోర్డు మీద రాసి పెట్టింది. ఎవరైనా రాయొచ్చు. ఎవరు రాసింది ఎవరైనా దిద్దొచ్చు. నిజాన్ని మాత్రం ఎవరూ చెరపకూడదు. తమ పేజీని ఆర్కుట్‌లో పదిమందికి చూపిస్తే రెండు మార్కులు అదనం.

హెడ్మాస్టరు అచ్యుతరామయ్యది ఏలూరు వైపు. ఆయనకు కంప్యూటరంటే భక్తి. ల్యాబులోని ఆరింటికీ బొట్లు పెట్టించి, దుప్పట్లు కప్పించి, చెప్పులు బయట విడిచి రావాలని రూలు పెట్టాడు. ఆ దుప్పట్లు తీయడానికి ఆయన్ని ఒప్పించేసరికే అనూరాధకు జూన్ నుంచి నవంబరు దాకా పట్టింది.

యారాడ నుంచి వచ్చే సాయిదుర్గ, తన తాత దాలయ్య వేట గురించి రాసింది. ఎవరూ అడగనంత వివరంగా రాసింది. ఊరికి ఎదురుగా సముద్రం అడుగున ఒక రాయి ఉంది. దాని చుట్టూ కోనాం చేపలు మూగుతాయి. లైట్‌హౌసు, దాని వెనక ఒంటి తాడిచెట్టు ఒకే వరుసలోకి రావాలి. ఇటు స్టీల్‌ప్లాంటు పొగగొట్టం కొండ నొక్కులో కనపడాలి. అక్కడ వల వేస్తే చాలు. ఈ గురుతుల్ని దాలయ్య ముప్పయ్యేళ్లుగా ఎవరికీ, కట్టుకున్న పెళ్లానికి కూడా, చెప్పలేదు. మనవరాలికి మాత్రం పడవలో కూర్చోబెట్టుకుని చెప్పాడు, చిన్నపిల్ల ఎవరికి చెబుతుందిలే అని.

వెనక బెంచీ నాగవంశీ తన పేజీ ఇంకా రాయలేదు కాబట్టి, రెండు మార్కుల కోసం ఆమె పేజీని ఆర్కుట్‌లో పెట్టాడు. గాజువాకలో ఒక నెట్ సెంటర్ ఓనరు దాన్ని ప్రింటు తీసి గోడకు అంటించాడు. మంగళవారం సాయంత్రానికల్లా ఫిషింగ్ హార్బరులో ఐసు కన్నా దాని జిరాక్సులే ఎక్కువ అమ్ముడుపోయాయి.

బుధవారం దాలయ్య రాయి దగ్గరికి వెళ్తే అక్కడ పడవ ఆపుకునే చోటు లేదు. జగదాంబ జంక్షన్లో కూడా అంత రద్దీ ఉండదు. జిరాక్సు పట్టుకున్న ఒకాయన దాలయ్యనే దారి అడిగాడు.

"బావా, పొగ్గొట్టం ఈ నొక్కులో రావాలా, ఆ నొక్కులో రావాలా?"

గురువారం దాలయ్య రెండు పనుల మీద స్కూలుకు వచ్చాడు. ఒకటి, పేజీ చెరిపించడం. రెండోది, మనవరాలిని బడి మానిపించడం. వలలు బాగుచేసే పనికి ఆమెను అప్పటికే కుదిర్చేశానన్నాడు. గొడవలంటే పడని అచ్యుతరామయ్య రెండింటికీ వెంటనే ఒప్పుకుని, టీసీ రాయమని గుమాస్తాకు చెప్పి, చెప్పులు విడిచి ల్యాబులోకి నడిచాడు.

ఆయన చూపుడువేలితో ఒక్కొక్క మీటా వెతికి నొక్కుతూ పది నిమిషాల్లో పేజీ చెరిపేశాడు. సాయిదుర్గ పక్క కంప్యూటరులో ఒక్క నొక్కుతో వెనక్కి తెచ్చింది. ఆయన మళ్లీ చెరిపాడు. ఆమె మళ్లీ తెచ్చింది. మూడోసారి ఆయన కంప్యూటరుకు దండం పెట్టి చెరిపాడు. ఆమె దండం పెట్టకుండానే తెచ్చింది.

"ఈ పొగరు ఎవరు నేర్పారమ్మా నీకు?"

"పొగరు కాదు సార్. తప్పుంటే సూపించండి, దిద్దుతాను. తప్పు లేపోతే తియ్యడానికి నాను ఒప్పుకోను."

"ఒప్పుకోడానికి నువ్వెవులివే గుంటా?" అన్నాడు దాలయ్య.

"రాసినదాన్ని, తాతా."

ఉద్యోగం పోతే పోయిందనుకుని అనూరాధ కూడా పిల్ల పక్కన నిలబడింది. పేజీ పైకి చదివి, తప్పుంటేనే ముట్టుకోవాలంది. తాతకు చదువు రాదు కాబట్టి సాయిదుర్గే చదవసాగింది. మొదటి లైనులోనే ఆగింది. ఆమె చూడనప్పుడు ఎవరో దిద్దారు. ఇప్పుడు పేజీ ప్రకారం దాని పేరు వీర్రాజు రాయి. దాన్ని కనిపెట్టింది దాలయ్య పక్కింటి వీర్రాజు. ఆ రోజు దాలయ్య అనే ఆసామి అదే పడవలో అడుగున నీళ్లు తోడుతున్నాడు.

దాలయ్య వేలితో తెర మీద పొడిచాడు.

"దిద్దు," అన్నాడు.

"సెరిపీమన్నావు కదా."

"సెరిపేత్తే ఆడి మాటే ఊర్లో నిలబడిపోద్ది. నాను సెప్తాను, నువ్వు కొట్టు."

ఊరికే దిద్దితే చెల్లదు, చూసినవాళ్లు చెప్పాలంది అనూరాధ. దాంతో శుక్రవారం దాలయ్య ఇద్దరు సాక్షుల్ని తెచ్చాడు. వీర్రాజు నలుగురిని తెచ్చాడు. దాలయ్య మళ్లీ వెళ్లి బస్సెడు మందిని తెచ్చాడు. మధ్యాహ్నానికి యారాడలో సగం ల్యాబులో ఉంది, వరండాలో రెండు వందల జతల చెప్పులున్నాయి, రాయి పేరు ఇరవయ్యేడు సార్లు మారింది. సముద్రంలో ఒక్క పడవ లేదు. కోనాం చేపలకు చరిత్రలో అదే మొదటి సెలవు. అచ్యుతరామయ్య మెయిన్ స్విచ్ కట్టేయబోతే, చేపలమ్మే ముసలి కాసులమ్మ అడ్డం నిలబడింది.

"సెప్పులిప్పి వచ్చినాం బాబూ. మాట తేలందే కదలం."

ఆ రాయి దగ్గర పడ్డ మొదటి కోనాం తట్ట దాలయ్య దగ్గరే కొన్నానని ఆవిడ సాక్ష్యం చెప్పాక గది చల్లబడింది. రాయి పేరు దాలయ్య రాయి అనీ, ఆ సంగతి వీర్రాజు ఒప్పుకోడనీ సాయిదుర్గ రెండూ రాసింది, రెండూ నిజమే కాబట్టి.

జనం వెళ్లాక హెడ్మాస్టరు టీసీ కాగితం పట్టుకొచ్చాడు. దాలయ్య దాన్ని అందుకుని, నాలుగు మడతలు పెట్టి, నిదానంగా చింపాడు.

"బడి మానేత్తే పేజీని ఎవులు కాపలా కాత్తారు బాబూ? ఈర్రాజుగాడు ఇంకా బతికే ఉన్నాడు."

ఆ ఏడాది నూటరెండు జ్వరం వచ్చిన రోజు కూడా సాయిదుర్గకు సెలవు దొరకలేదు.