తలకు ఏడు టన్నులు

ఆ ఉదయం కొత్త పెళ్ళికూతురు వేసుకున్న పథకం చాలా చిన్నది. భూమిని వేడెక్కించే వాయువుల్ని దేశం ఏడాదిలో ఎంత వదిలిందో ఆ మొత్తాన్ని జనాభాతో భాగించి, తలకు ఎన్ని టన్నులో పన్నెండింటిలోపు తేల్చాలి. డైరెక్టరు ఆ సంతోషంలో ఉండగానే సెలవు కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. మర్నాటి రైలుకి మొగుడితో కలిసి నాలుగు రోజులు సముద్రం చూడ్డానికి ప్రయాణం. పెళ్ళై నెల దాటినా ఆఫీసులో అందరూ ఆమెను ఆ పేరుతోనే పిలిచేవారు. ఆమెకూ అది తీయగానే ఉండేది.

ఏడో అంతస్తులోని ఆ ఆఫీసు కంటికి కనబడనిదాన్ని తూచే ఆఫీసు. పొగగొట్టాలు, బస్సులు, పొయ్యిలు, ఆవుల త్రేన్పులు అన్నీ అంకెలై ఆమె బల్ల మీద వాలేవి. కిటికీ అవతల ఒక మబ్బు తాపీగా జరుగుతుంటే, దాని బరువెంత ఉంటుందోనని చూస్తూ కూర్చుంది. అంతలో మొగుడు ఫోన్ చేశాడు.

"ఏం చేస్తున్నావ్?"

"భాగహారం."

"నేను బట్టలు సర్దుతున్నా. గొడుగులు రెండూ పెట్టనా?"

"ఒకటి చాల్లే. ఇద్దరం పడతాం."

ఫోన్ పెట్టేశాక కూడా ఆమె చాలాసేపు ఆ గొడుగు కిందే నడిచింది. నడుస్తూనే లెక్క పూర్తిచేసి పంపేసింది.

పావుగంటలో డైరెక్టరు గదిలోంచి బయటికొచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది.

"నిరుడు తలకు రెండు టన్నులమ్మా. ఇప్పుడు ఏడు. జనమంతా కలిసి ఏం తగలబెట్టారు?"

సెలవు కాగితం సొరుగులోనే ఉండిపోయింది.

డైరెక్టరు లిఫ్టు ఆపించాడు. ఏసీలు కట్టేయించాడు. టీ పొయ్యి ఆర్పించి, శాఖ కార్లన్నిటి తాళాలూ తెప్పించి జేబులో వేసుకున్నాడు. అప్పటికీ మనసు ఆగక పశువుల శాఖ అధికారికి ఫోన్ కలిపాడు.

"మీ ఆవులు ఏం చేస్తున్నాయండీ?"

"నెమరేస్తున్నాయి. ఇంకేం చేస్తాయి?"

"కాస్త తగ్గించమనండి."

"మీరే వచ్చి చెప్పండి. నా మాటైతే వినవు."

మనసు నొచ్చుకున్న ఆ అధికారి నేరుగా పెద్ద కార్యదర్శికి ఫిర్యాదు చేశాడు. సంగతేమిటో చూద్దామని పెద్దాయన బయల్దేరితే కారు తాళం లేదు. మైలు దూరం నడిచి, ఏడంతస్తులూ ఎక్కి, కుర్చీలో కూలబడ్డాడు. ఊపిరి అందాక ఒక్కటే అడిగాడు.

"ఎంతమందితో భాగించారు?"

ఆమె కాగితం తీసి చూసింది. తను వాడిన అంకె పైన 'కుటుంబాలు' అని రాసి ఉంది. 'మనుషులు' అన్న వరుస దాని పక్కనే, ఎవరూ ముట్టుకోకుండా ఉంది.

"ఇంటికొక్క మనిషి చొప్పున లెక్కేశాను సార్," అంది.

"కుటుంబమంటే ఒక్కరే అని ఎలా అనుకున్నావమ్మా?"

"నెల్రోజులుగా నాకలాగే అనిపిస్తోందండీ."

మళ్ళీ భాగిస్తే రెండు టన్నులకు ఒక పిసరు తక్కువే వచ్చింది. డైరెక్టరుకు ప్రాణం లేచొచ్చింది, దాంతోపాటే కోపమూ వచ్చింది.

"ఇక సెలవు మాట నా దగ్గర ఎత్తకు," అన్నాడు.

పెద్దాయన మాత్రం కిటికీలోంచి గాలి పీలుస్తూ, కరెంటు మీటరు చూసి రమ్మన్నాడు. రోజూ ఆ వేళకు తిరిగేదాంట్లో సగం కూడా తిరగలేదట.

"పొదుపు చెయ్యమని పదేళ్ళుగా కాగితాలు పంపుతున్నానయ్యా. ఒక్కరూ కదల్లేదు. ఈ అమ్మాయి తప్పు రెండు గంటల్లో కదిలించింది. సరైన లెక్క పైకి పంపించు. లిఫ్టు మాత్రం ఆపే ఉంచు. ఆ సెలవేదో ఇచ్చెయ్."

డైరెక్టరు మెట్ల వైపు ఒకసారి దిగులుగా చూసి, కలం తీశాడు. నాలుగు రోజులన్నచోట ఎనిమిది చేశాడు. కారణమన్నచోట ఆమె రాసింది కొట్టేసి, 'తక్కిన సిబ్బంది మోకాళ్ళ క్షేమం' అని రాసి సంతకం పెట్టాడు.